ఓటీపీ వచ్చిందా?

సెప్టెంబర్ 9, కరీంనగర్

భైంసా పని నాకే ఇచ్చారు. పొద్దున మీటింగ్‌లో అరుణ్ అందరి ముందూ అన్నాడు: "పత్తి సొసైటీ యాప్ వినోద చూసుకుంటది. చార్ట్ గీసుడు కాడి నుంచి మొదటి దినం పత్తి కాంటా అయ్యేదాంక." అరుణ్ మా ఆఫీసుకు యజమాని. పట్టుమని పన్నెండు మంది లేని ఆఫీసులో ఇప్పటిదాకా నాకు దక్కింది టెస్టింగ్ ఒక్కటే. అంటే ఎవరో కట్టిన ఇంట్లో పగుళ్ళు వెతికి చూపించే పని. ఇకనుంచి నేను గీసినట్టు వాళ్ళు కడతారు.

తర్వాత పక్కకు పిలిచి అసలు సంగతి చెప్పాడు. కొనుగోళ్ళు మొదలయ్యే రోజుకు సభ్యులు ఎవరి సాయమూ లేకుండా తమ ఫోన్‌లో తామే స్లాట్ తీసుకోవాలి. ఏ రోజు, ఏ పూట పత్తి తేవాలో ఆ స్లాట్ చెబుతుంది. అది కుదరకపోతే సొసైటీ పాత టోకెన్ల లైనుకే పోతుంది. రెండో విడత పని హైదరాబాద్ వాళ్ళకు పోతుంది. నేను మళ్ళీ టెస్టింగ్‌కు పోతాను. "జర సోంచాయించుకో" అన్నాడు. సోంచాయించడానికి ఏముంది? అక్కడికక్కడే ఒప్పుకున్నాను.

ఆ సొసైటీలో సగానికి పైగా ఆడవాళ్ళే. మగవాళ్ళు కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఉంటారు. చేను చూసేదీ, పత్తి ఏరించేదీ, అమ్మేదీ వీళ్ళే. ఈ లెక్క నాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. సాగర్ మస్కట్ పోయి నాలుగేళ్ళయింది. మధ్యలో ఒక్కసారి వచ్చాడు.

మా ఆయన సంగతి ఇందులో రాయను. ఇది పని కోసం పెట్టుకున్న డైరీ.

సెప్టెంబర్ 12

యాప్ ఏ మెట్టు తర్వాత ఏ మెట్టు నడవాలో చూపే చార్ట్‌ను ఏ టూల్‌లో గీయాలన్న దగ్గర ఆఫీసు మూడు ముక్కలైంది.

అరుణ్‌కు ఆన్‌లైన్‌లో గీసేది కావాలి. డబ్బు కట్టి తీసుకునేది. అందులో డబ్బాలకు రంగులు, రంగులకు నీడలు, ఒకే బొమ్మ మీద నలుగురు ఒకేసారి చేతులు పెట్టే సౌకర్యం. డెవలపర్ నవ్యశ్రీకి అసలు బొమ్మ గీయడమే నామోషీ. నాలుగు లైన్లు టైప్ చేస్తే తనే బొమ్మగా మారిపోయేది ఒకటుంది, ఆమెకు అది ఇష్టం. "అక్కా, మౌస్ వట్టుకోని డబ్బాలు జరుపుకుంట కూసుంటవా ఇంకా?" అని నవ్వింది. ఆ పిల్ల అన్నదాంట్లో నిజం లేకపోలేదు. అలా రాసుకుంటే ఎప్పుడు ఏ మార్పు చేశామో కోడ్‌తో పాటే దాచిపెట్టుకోవచ్చు. కానీ ఒక్క లైను కలిపామంటే బొమ్మంతా తనకు తోచినట్టు సర్దుకుంటుంది. నిన్న ఎడమ వైపు ఉన్న కాంటా ఇవాళ కుడి వైపుకు పోతుంది. చూసేవాళ్ళు డబ్బాను అది ఉన్న చోటును బట్టి గుర్తుపెట్టుకుంటారు. అది రోజుకోచోటికి పోతే ఎలా?

నేను ఉచితంగా దొరికేదే తీసుకున్నాను. ల్యాప్‌టాప్‌లోకి దించుకుంటే నెట్ లేకపోయినా గీసుకోవచ్చు, ప్రింట్ శుభ్రంగా వస్తుంది. చార్ట్‌ను చూసేది ఎవరు, ఎక్కడ కూర్చుని చూస్తారు? టూల్ ఎంచుకునే ముందు అడగాల్సింది అదొక్కటే. ఆ మాట అంటే అరుణ్ మొహం ముడుచుకున్నాడు. ముడుచుకోనీ.

నా పద్ధతి నాకుంది. చార్ట్ ఒక్క పేజీ దాటకూడదు. గీతలు ఒకదాన్నొకటి తొక్కకూడదు. ప్రశ్న అడిగే డబ్బా డైమండ్ ఆకారంలో ఉంటుంది, దాని నుంచి బయటికి రెండే దారులు, అవును, లేదు. "చూద్దాం" అనే దారి ఉండదు. ఏ బాణమైనా ఎక్కడో ఒకచోటికి చేరాలి. గాల్లో వదిలేసిన బాణం కనిపిస్తే గీసినవాళ్ళు నిద్రమత్తులో ఉన్నారని అర్థం. నా చార్ట్‌లో ఇప్పటివరకు ఒక్కటి కూడా లేదు.

సెప్టెంబర్ 17, భైంసా

ఇవాళ్టి రోజు నాది.

అరుణ్ నాతో పాటు వచ్చాడు. నా చార్ట్‌నే తన ఆన్‌లైన్ టూల్‌లో మళ్ళీ గీయించి, రంగులేయించి తెచ్చాడు. సొసైటీ ఆఫీసంటే గోదాం వెనక ఒక రేకుల గది. అధ్యక్షుడు కొమురెల్లి, డైరెక్టర్లు, కొంతమంది సభ్యులు వచ్చి కూర్చున్నారు. ప్రొజెక్టర్ పెట్టి, సిగ్నల్ కోసం అరుణ్ తన ఫోన్‌ను కిటికీలో నిలబెట్టాడు. తెర మీద గుండ్రం తిరుగుతూనే ఉంది. కాసేపు ఓపిక పట్టి కొమురెల్లి అన్నాడు, "సార్, గిది మా పత్తి ఏకుతుందా ఏంది? తిరుగుడే తిరుగుడు."

ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. నేను నవ్వలేదు, అరుణ్ జీతమిచ్చే మనిషి. బ్యాగులోంచి ప్రింట్ తీసి గోడకు అంటించాను. జిరాక్స్ షాపులో దొరికే అతి పెద్ద కాగితం అది. ఒక్కొక్కరే లేచి దగ్గరికి వచ్చారు. చూడ్డం కాదు, వేలు పెట్టి నడవడం మొదలుపెట్టారు. స్లాట్ దగ్గర వేలు పెట్టి, గేటు దాటి, తేమ చూసే డైమండ్ దగ్గర ఆగి, కాంటా దాకా పోయారు. తెర మీద అయితే ఎవరు వేలు పెడతారు?

ఐలవ్వ అని ఒక పెద్దావిడ "తేమ ఎక్కువా?" అన్న డైమండ్ దగ్గరే నిలబడిపోయింది. "బిడ్డా, ఎక్కువ ఉంటే గీ గీత ఇంటికి పోతుందేంది? నేను ఇంటికెందుకు పోత? ఈడనే పట్టాలు పరిచి ఆరవోసుకుంట" అంది. అక్కడే పెన్సిల్‌తో గీత మార్చేశాను. అందరూ తృప్తిగా చూశారు.

"ముందుగాల్నే గీ కాయితం చూపెట్టకపోయినవా తాయీ" అని కొమురెల్లి సంతకం చేశాడు. మహారాష్ట్ర పక్కనే కదా, ఇక్కడ అక్కను తాయి అంటారు. తిరుగు బస్సులో నిర్మల్ దాటేదాకా అరుణ్ ఫోన్‌లో సిగ్నల్ వెతుక్కుంటూనే ఉన్నాడు.

సెప్టెంబర్ 21, కరీంనగర్

భైంసాలో లేడీస్ హాస్టల్‌కు ఆన్‌లైన్‌లో కట్టాల్సి వచ్చింది. నా బ్యాంకు అకౌంట్‌కు ఉన్నది సాగర్ నంబరు. మన దేశం సిమ్ అక్కడ రెండో ఫోన్‌లో వేసుకుని ఉంటాడు. ఫోన్ చేశాను. అంకెలు చెప్పాడు. "ఐందా?" అన్నాడు. "ఐంది" అన్నాను. పెట్టేశాడు.

నాకేం ఫికర్ లేదు.

అక్టోబర్ 3, భైంసా

ఐలవ్వ వాళ్ళ ఊళ్ళో మొదటి పరీక్ష. బడి ఆవరణలో ఆడవాళ్ళంతా ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. నేను మైకు లేకుండానే ఊరందరికీ వినపడేలా మాట్లాడాను.

ఎవరికీ స్లాట్ రాలేదు.

అందరూ ఒకే డైమండ్ దగ్గర ఆగిపోయారు. "ఓటీపీ వచ్చిందా?" అవునంటే ముందుకు, లేదంటే "మళ్ళీ పంపు" అన్న డబ్బాకు పోయి తిరిగి అక్కడికే. వాళ్ళు ఒత్తుతూనే ఉన్నారు. కరీంనగర్ నుంచి నవ్యశ్రీ ఫోన్: "అక్కా, ఏం నడుస్తుంది ఆడ? ఒక్కొక్కలు గన్నిసార్లు ఒత్తుతున్నరేంది?"

సమాధానం నేను వెతకక ముందే ఐలవ్వ ఫోన్ మోగింది. కువైట్ నుంచి ఆమె కొడుకు. స్పీకర్‌లో ఊరంతా విన్నది. "అవ్వా! నా ఫోన్‌కు కుప్పలు కుప్పలు నంబర్లు వస్తున్నయ్. ఎవడో దొంగోడు తగిలిండు. జల్ది బ్యాంకుకు పోయి బంద్ వెట్టియ్యి!"

ఆ వెంటనే ఇంకో ఫోన్ మోగింది. తర్వాత ఇంకొకటి. గల్ఫ్‌లో ఉన్న కొడుకులూ మొగుళ్ళూ అంతా ఒకేసారి లేచారు.

అక్టోబర్ 4

సంగతి తేలింది. సొసైటీ సభ్యత్వంలో ప్రతి ఇంటికీ రాసి ఉన్నది గల్ఫ్‌లో ఉన్నవాళ్ళ నంబరు. మా యాప్ ఆ నంబరునే తీసుకుంది. డ్యూటీలో ఉన్నప్పుడు చాలామంది ఫోన్ లాకర్‌లో ఉంటుంది, విరామం దొరికితేనే చూస్తారు. ఓటీపీ అక్కడికి పోయి కూర్చుంటుంది, అవ్వ ఇక్కడ కూర్చుంటుంది.

తప్పు చార్ట్‌ది కాదు, డేటాది. అరుణ్‌కు అదే చెప్పాను. ఆడవాళ్ళకు సొంత ఫోన్లున్నాయి, నంబర్లు మార్పిస్తే చాలు. ఇది పెద్ద సమస్యే కాదు.

అక్టోబర్ 8

నంబర్ల క్యాంపు అయిపోయింది. బతుకమ్మ రోజులు, అందరికీ తొందరే, అయినా వరసలో నిలబడి తమ నంబర్లు రాయించారు. ఎవరూ ఎదురు చెప్పలేదు. "మంచి పని చేస్తున్నవ్ బిడ్డా" అన్నారు. ఐలవ్వ నా జడలో బంతిపువ్వు పెట్టింది.

తీరిపోయింది.

అక్టోబర్ 16

పండగ వల్ల రాయడం కుదరలేదు. దసరాకు కరీంనగర్ పోలేదు, పని ఉండి హాస్టల్‌లోనే ఉన్నాను. అత్తమ్మ కూడా ఇంట్లో లేదు, పెద్దపల్లిలో ఆడబిడ్డ దగ్గరికి పోయింది.

ఇవాళ సొసైటీ కంప్యూటర్ తెరిచి చూశాను. నా కళ్ళు నేనే నమ్మలేదు. క్యాంపులో మార్చిన నంబర్లలో చాలా వరకు మళ్ళీ పాతవే ఉన్నాయి. ఒక్కొక్కరే వచ్చి గుమస్తాతో మార్పించుకుని పోయారట. కువైట్, మస్కట్, దుబాయ్, అన్నీ తిరిగి వచ్చేశాయి.

ఒళ్ళు మండిపోయింది. ఇంకో పంతొమ్మిది రోజుల్లో కొనుగోళ్ళు. "తాయీ, టోకెన్ల పుస్తకం అచ్చువెట్టియ్యమంటవా?" అన్నాడు కొమురెల్లి. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. వద్దన్నాను. గట్టిగానే అన్నాను.

అక్టోబర్ 17

ఐలవ్వ ఇంటికి పోయాను.

"అవ్వా, మొన్న నీ నంబర్ పెట్టినం గదా? మల్ల కొడుకు నంబర్ ఎందుకు పెట్టించినవ్?"

"నా ఫోన్‌ల ఛార్జింగ్ నిలుస్తలేదు బిడ్డా."

ఫోన్ ఆమె చేతిలోనే ఉంది. ఛార్జింగ్ నిండుగా ఉంది. ఆ మాటే అన్నాను.

"ఈడ సిగ్నల్ అందదు."

అంటుండగానే ఫోన్ మోగింది. చెల్లెలు కాబోలు, పత్తి ఏరే కూలీల గురించి తీరిగ్గా మాట్లాడి పెట్టేసింది. నేను ఆమె చేతిలోని ఫోన్ వైపు వేలు చూపించాను.

"మార్చుకుంట తీయ్ బిడ్డా. టైం దొరుకుతలేదు" అని చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. చాయ్ తాగి వచ్చేశాను. ఇంత మొండి మనుషులను నేనెక్కడా చూడలేదు.

అక్టోబర్ 19, కరీంనగర్

సాయంత్రం చాయ్ కొట్టు దగ్గర పర్సులో చిల్లర ఏరుకుంటుంటే అరుణ్ నవ్వాడు. "సాఫ్ట్‌వేర్ దానివి, ఫోన్‌ల కట్టరాదు నీకు? బ్యాంకుల ఇంక సాగర్ నంబరేనా? మార్చుకోరాదు వినోదా."

"మార్చుకోవాలె సార్. టైం దొరుకుతలేదు."

అన్నాక నా గొంతు నాకే వినబడింది. బ్యాంకు మా ఆఫీసు కింది అంతస్తులో ఉంది.

అక్టోబర్ 20

అత్తమ్మ పెద్దపల్లి నుంచి వచ్చేసింది. ఇంకా కొన్నాళ్ళు ఉంటానన్న మనిషి. వచ్చీ రాగానే స్టవ్ మీద పెద్ద గిన్నెతో స్నానానికి నీళ్ళు పెట్టింది. బాత్‌రూంలో గీజర్ ఉంది. ఎందుకని అడిగాను.

"గ్యాస్ ఒడుస్తలేదు. అందుకే అచ్చిన" అంది అత్తమ్మ, అదేదో మామూలు మాటైనట్టు.

నాకు అర్థం కాలేదు.

"గ్యాస్ ఒడిస్తేనే గదనే బండ తెచ్చేటోడు నంబర్ అడిగేది? నంబర్ అడిగితేనే గద వానికి ఫోన్ చేసేది?"

"కొడుకుతోని మాట్లాడాల్నంటే ఉత్తగనే చెయ్యరాదు అత్తమ్మా? బండ ఎందుకు?"

"ఉత్తగ చేస్తే ఏమైంది, ఏమైంది అని పరేషాన్ అయితడు. ఏం కాలేదంటే, డ్యూటీల ఉన్న, మల్ల చేస్త అంటడు. మల్ల చెయ్యడు. నంబర్ కోసమంటే డ్యూటీల ఉన్నా ఉరికచ్చి ఎత్తుతడు." గిన్నె మీద మూత పెట్టి నా వైపు తిరిగింది. "నువ్వేం తక్కువ? బ్యాంకుల మార్చినవా?"

కోపం వచ్చింది. కాదు, ఏడుపు వచ్చింది. కోపమని రాయడం అలవాటైపోయింది నాకు.

అక్టోబర్ 21

ఇవాళంతా చార్ట్ ముందే కూర్చున్నాను. సాగర్ సంగతి రాయనన్నాను కానీ ఇక రాయకపోతే ఈ చార్ట్ ముందుకు సాగదు. రెండేళ్ళుగా మా ఇద్దరి మధ్య ఉన్న మాటలు ఆ అంకెలే. వాటిని కూడా ఎందుకు పోగొట్టుకుంటాను? అందుకే మార్చలేదు. ఐలవ్వా అంతే. ఆ ఊళ్ళో ఆడవాళ్ళందరూ అంతే. మొండితనం కాదు. తెలియక కాదు. వాళ్ళు తెలిసే చేస్తున్నారు.

అయితే నంబరు మార్చమని ఎవరినీ బతిమాలక్కర్లేదు. ఓటీపీ చేతిలో ఉన్న ఫోన్‌కు రావాలి. స్లాట్ దొరికాక ఒక కొత్త డబ్బా, రెండో నంబరుకు కబురు. ఫలానా రోజు మీ అవ్వ పత్తి తీసుకుపోతోంది, తేమ ఇంత వచ్చింది, కాంటా ఇంతైంది, అని గల్ఫ్‌కు ఎప్పటికప్పుడు మెసేజ్ పోతుంది. ఫారంలో ఆ రెండో నంబరు దగ్గర ఏం రాయాలా అని చాలా ఆలోచించాను. "ప్రత్యామ్నాయ నంబరు" అని రాస్తే ఎవరికీ ఎక్కదు. "ఎవరికి తెలవాలె?" అని రాశాను.

చార్ట్‌లో దానికి చోటు చేయడానికి కింది డబ్బాలన్నిటినీ పట్టుకుని ఒక్కసారి కిందికి లాగితే చాలు, గీతలు వాటితో పాటే వచ్చాయి. ఏదీ దేన్నీ తొక్కలేదు. ఇంకా ఒక్క పేజీలోనే ఉంది. నేను ఎంచుకున్న టూల్ మంచిదని మళ్ళీ ఒకసారి అరుణ్‌కు చెప్పాలి.

అక్టోబర్ 23

చెప్పాను. యుద్ధమైంది.

"గీ డబ్బా ఎవరడిగిండ్రు?" అన్నాడు అరుణ్. "పత్తి కొనుడుకు దీంతోని ఏం పని? అడగని పని చేసుకుంట కూసుంటే టైం ఎవరిస్తరు?"

"ఇది లేకపోతే వాళ్ళు నంబర్ మార్చరు సార్. నంబర్ మారకపోతే మీదున్న డబ్బాలన్నీ దండుగనే."

"నీకెట్ల తెలుసు?"

"నాకు తెలుసు."

అతను నా మొహంలోకి చూశాడు. నేను కళ్ళు దించలేదు. అంతలో నవ్యశ్రీ తన సీట్లోంచే అంది, "రెండు దినాలల్ల చేసిస్త అక్కా. మా బాపు పదేండ్లు బహ్రెయిన్‌ల ఉండె." ఇన్నాళ్ళు పక్కపక్కన కూర్చున్నాం, ఆ సంగతి నాకు ఇవాళే తెలిసింది. అరుణ్ సరేనన్నాడు. చార్ట్ ప్రింట్ తీసి తన టేబుల్ వెనక గోడకు అంటించుకున్నాడు, కాగితం మీదే.

అక్టోబర్ 28, భైంసా

రెండో క్యాంపు. ఐలవ్వ ఫోన్ పట్టుకుని నేనే పక్కన కూర్చున్నాను.

"గీ రెండోది వానికా?"

"అవునవ్వా. నువ్వు స్లాట్ తీసుకున్నవంటే వానికి తెలుస్తది. కాంటా అయితే గూడ తెలుస్తది."

"తెలిస్తే ఫోన్ చేస్తడా?"

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేదు. "అది చార్ట్‌ల లేదవ్వా" అన్నాను.

ఐలవ్వ నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. "చేస్తడు తీయ్. తేమ ఎంత అచ్చిందో అడగకుంట ఉండగలుగుతడా వాడు?" అని తన నంబరు పైన, కొడుకు నంబరు కింద, తనే ఒత్తింది.

నవంబర్ 4

పొద్దున గేటు తీసేసరికి బొలెరోలు వరసగా ఉన్నాయి. ఎవరి స్లాట్ వాళ్ళ ఫోన్‌లో ఉంది. ఎవరూ ఎవరినీ అడగలేదు. మధ్యాహ్నానికి గుమస్తా చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

ఒక్కటే గొడవ. కాంటా అయిందో లేదో, ఆడవాళ్ళ ఫోన్లు మోగడం. కువైట్ నుంచి ఐలవ్వ కొడుకు: "గింత తేమ ఎట్లచ్చిందే అవ్వా? మంచు వడంగ ఏరిచ్చినవా?" ఐలవ్వ కాంటా మీదే నిలబడి వాడికి అంతకంటే గట్టిగా జవాబిస్తోంది. వెనక బండ్లు హారన్ కొడుతున్నాయి. ఆమె మొహం చూడాలి, పెళ్ళింటి మనిషిలా ఉంది.

కొమురెల్లి నెత్తి కొట్టుకున్నాడు. "తాయీ, యాప్ మంచిగున్నది గని, ఫోన్ల మాట్లాడుడుకు కాంటా పక్కకు ఇంకో చోటు చూపెట్టు. లైన్ కదుల్తలేదు."

చార్ట్‌లో గీశాను. కాంటా తర్వాత, చెట్టు కింద బెంచీ. అది కూడా ఒక డబ్బానే.

నవంబర్ 5

రెండో విడత మాదే. అరుణ్ స్వీట్లు తెప్పించాడు. నేను గెలిచాను, రాసి పెట్టుకుంటున్నాను.

నవంబర్ 6, కరీంనగర్

పది మందికి చెప్పేదాన్ని నేను చేయకపోతే ఎలా? లంచ్‌లో మెట్లు దిగి బ్యాంకులో నంబరు మార్చుకున్నాను. సాయంత్రం గ్యాస్ ఏజెన్సీలో కూడా. రెండు చోట్లా నా నంబరే. అత్తమ్మకు ఇంకా చెప్పలేదు. సాగర్‌కు నేనే చెబుతాను, శుక్రవారం అతనికి సెలవు. ఏం చెప్పాలో మాటలు కూడా తయారుచేసుకున్నాను. ఏ బెరుకూ లేదు.

నవంబర్ 8

మధ్యాహ్నం చేశాను. ఆఫీసుకు రానని చెప్పి, ఇంట్లో కుర్చీ వేసుకుని కూర్చుని మరీ చేశాను. రెండో రింగుకే ఎత్తాడు. హలో అనలేదు.

"ఆగు, ఇంక రాలే" అన్నాడు. "నెట్‌వర్క్ జర స్లో ఉన్నది. ఒక్క నిమిషం."

అటు ఫోన్‌ను అరచేత్తో తట్టిన చప్పుడు వినబడింది.

"రాలే వినోదా. మల్ల ఒత్తు."

"నేనేం ఒత్తలే. ఓటీపీ ఏం లేదు. ఉత్తగనే చేసిన."

"ఏమైంది? అవ్వ మంచిగున్నదా?"

"మంచిగున్నది. ఉత్తగనే అంటున్న గదా."

పెట్టేస్తాడేమోనని తయారుచేసుకున్న మాటలు గబగబా అనేశాను. "బ్యాంకుల నా నంబర్ పెట్టుకున్న. గ్యాస్‌కు గూడ. ఇగ నిన్ను సతాయించ."

"అన్నిట్లనా?"

"అన్నిట్ల."

మెచ్చుకుంటాడనుకున్నాను. పీడ పోయిందని ఊపిరి పీల్చుకున్నా నేను సిద్ధంగానే ఉన్నాను. అతను, "మరి నాకెట్ల తెలుస్తది?" అన్నాడు.

"ఏం తెలుస్తది?"

"నీ సంగతి. భైంసాల పని చేస్తున్నవని నువ్వు చెప్పినవా నాకు? ఏటీఎం మెసేజ్ చూసే తెలుసుకున్న. సోమవారం భైంసాల తీస్తవ్. శనివారం కరీంనగర్‌ల తీస్తవ్. శనివారం మెసేజ్ వచ్చిందంటే ఇల్లు చేరినవ్ అనుకుంటుంటి. దసరాకు రాలే. భైంసాలనే మందుల దుకాణంల కార్డు గీకినట్టు వచ్చింది. రెండు దినాలకు మల్ల గదే దుకాణం. గా వారమంత డ్యూటీల మనసున వట్టలే. తర్వాత శనివారం కరీంనగర్ అని వచ్చినంక గప్పుడు అన్నం తిన్న. జ్వరం వచ్చిందా?"

జ్వరమే. సద్దుల బతుకమ్మ రోజు మొదలై, పండగ దాటేదాకా హాస్టల్ గదిలో ఒక్కదాన్నే పడి ఉన్నాను. ఇక్కడ పండగని రాశాను, పనని రాశాను. ఎవరూ చూడని ఈ డైరీలో కూడా దాచింది, సముద్రం అవతల అతనికి తెలుసు.

"మరి చెయ్యకపోయినవా?" అన్నాను. అరిచానేమో, అత్తమ్మ గడపలోకి వచ్చి నిలబడింది.

"ఏమని చెయ్యాలె? రెండేండ్ల సంది వస్త వస్త అనుకుంట రాకపోతి. ఏ మొఖం వెట్టుకోని జ్వరమా అని అడగాలె? నంబర్ అడిగితే చెప్పుడు అల్కగ ఉండె."

ఏడ్చాను. ఏడుస్తూనే తిట్టాను. నాకు తెలిసిన తిట్లన్నీ అయిపోయేదాకా అతను అన్నీ విన్నాడు, ఒక్కసారి కూడా డ్యూటీ అనలేదు.

"ఇగ నువ్వు చెప్పు" అన్నాను చివరికి.

"ఏం చెప్పాలె?"

"పొద్దుగాల లేచిన కాంచి. నాకు నీ మెసేజ్‌లేం రావు గదా. ఒక్కటి ఇడిసిపెట్టకుండ చెప్పు."

అత్తమ్మ కింద కూర్చుని, స్పీకర్ పెట్టమని చేత్తో సైగ చేసింది. పెట్టాను.

"లేచిన" అన్నాడు సాగర్. "లేచి, చాయ్ వెట్టుకున్న. పాలు ఒడిసినయని చూసుకోలే..."